అత్తమ్మ బండ

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ డైరీ పురుగుమందుల షాపువాళ్ళు మా ఆయనకి ఇచ్చారు. అట్ట మీద ఎర్రటి మిరపకాయ బొమ్మ ఉంది. ఆయనకి రాసే అలవాటు లేదు, నాకిచ్చాడు. ఏడో తరగతి మానేశాక మళ్ళీ పెన్ను పట్టుకోవడం ఇదే. ఎవరికీ చూపించను. నాకు నలుగురిలో నోరు పెగలదు. పెగలనిదంతా ఇక్కడ రాసుకుంటాను.

నిన్న నరసరావుపేటలో డాక్టరు గారు అత్తమ్మని ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికి పొమ్మన్నారంటే నయమైనట్టే గదా. కడుపులో గడ్డ ఉంటే ఉంది, మందులు ఇచ్చారు. బస్సులో మా ఆయన వెనక సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. కిటికీలోంచి దుమ్ము పడిందేమో, మాటిమాటికీ కళ్ళు తుడుచుకున్నాడు.

దుర్గిలో బస్సు దిగగానే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, ఇంటికి పోంగానే దుప్పట్లన్నీ నానబెట్టు. ఇక చుట్టాలు వస్తా ఉంటారు."

ఏ చుట్టాలు అని అడగలేదు.

ఫిబ్రవరి 11

ఇవాళ అత్తమ్మకి బాగుంది. ఇడ్లీ తిన్నది. ఇంకోటి కావాలని అడిగింది కూడా.

ఫిబ్రవరి 12

బండ గురించి రాయాలి. ఇవాళ దుప్పట్లు ఉతుకుతుంటే గుర్తొచ్చింది.

మా పెరట్లో బట్టలుతికే బండ ఉంది. నల్ల నాపరాయి. మనిషంత పొడుగు. కింద నాలుగు రాళ్ళ మీద పెట్టి ఉంటుంది. నేను కాపరానికి వచ్చిన కొత్తలో సబ్బు జారి దాని కిందికి పోతే చెయ్యి పెట్టి వెతికాను. వేళ్ళకి అక్షరాలు తగిలాయి. వంగి చూస్తే సిలువ. పక్కన 'కృపామణి'. మా అత్తమ్మ పేరు. బకెట్టు తన్నేసి ఇంట్లోకి పరిగెత్తాను.

అత్తమ్మ పడీ పడీ నవ్వింది. "అది నా సమాధి రాయేనే. నువ్వేం కంగారుపడమాక."

మా ఆయన బ్రహ్మం గారి దగ్గర పని చేస్తాడు. బ్రహ్మం గారు దేవుళ్ళ విగ్రహాలు చెక్కుతారు, మా ఆయన రాళ్ళు సాపు చేస్తాడు. అత్తమ్మ బ్రహ్మం గారి వెంటపడి తన పేరు చెక్కించుకుంది. పేరు కింద 'ప్రభువునందు నిద్రించిన దినము' అని ఉంటుంది. దాని పక్కన ఖాళీ. రాయి ఇంటికి వచ్చాక, "ఆ దినం వచ్చిందాకా ఊరికే పడుండటమేంది దండగ" అని బోర్లా తిప్పి బట్టల బండ చేసింది.

"మీకు భయం వెయ్యదా అత్తమ్మా?" అని అడిగాను అప్పుడు.

"చావుని రోజూ బాదుతుంటే అదే మెత్తబడుద్దే" అంది.

నాకైతే ఇప్పటికీ దాని మీద గట్టిగా బాదాలంటే చెయ్యి రాదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

గుళ్ళో ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు. అత్తమ్మ మంచాన్ని ముందు గదిలో అడ్డంగా వేయించుకుంది. తల పడమరకి, కాళ్ళు వాకిలి వైపు, తూర్పుకి. పక్కింటి పిచ్చమ్మ పిన్నమ్మ గడపలోనే ఆగిపోయింది.

"ఏందే ఈ పడక? ఎవరన్నా పడమర తల పెట్టుకుని పడుకుంటారా?"

"లేవంగానే ఎదురుగా పొద్దు కనపడాల. ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నా."

పిచ్చమ్మ పిన్నమ్మ మా గుడికి రాదు. కానీ ఊళ్ళో ఎవరు పోయినా శోకం ఎత్తేది ఆమే. పోయినవాళ్ళ మంచితనమంతా రాగం మీద వరసగా చెబుతుంటే, వాళ్ళతో పోట్లాడుకున్నవాళ్ళు కూడా ఏడుస్తారు.

"నీకు మంచి శోకం కట్టి పెట్టానే కృపా" అంది మంచం పట్టె మీద కూర్చుని.

"నాకొద్దు. నేను ఊరికి పోతుంటే దారికి అడ్డంపడి ఏడుస్తావా?"

"ఏడవకుండా మనిషిని ఎట్టా పంపుతారే! ఊరు నవ్వదా?"

"నవ్వనీ. నవ్వే రోజేగా."

పిన్నమ్మ గుమ్మం వైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "సర్లే. అక్కడ మా ఆయన కనపడితే నేను బాగానే ఉన్నానని చెప్పు. గేదెని అమ్మేసిన సంగతి మాత్రం ఎత్తమాకు. అదంటే ఆయనకి ప్రాణం" అంది.

అందరూ ఒకటే నవ్వు. నేను వంటింట్లోకి పోయి నవ్వాను. నవ్వు అయిపోయాక కూడా కాసేపు అక్కడే గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఫిబ్రవరి 20

ఇవాళ బాగుంది. సగం ఇడ్లీ తిన్నది. ఎండ ఎక్కువైంది, ఎండలకి ఎవరికైనా ఆకలి ఉండదు.

ఫిబ్రవరి 27

అత్తమ్మ కాళ్ళకి నూనె రాస్తూ అడిగేశాను. చాలా రోజుల నుంచి లోపల ఉన్నమాట.

నేను పుట్టింది నకరికల్లులో. నాకు ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. మా వాళ్ళు గుడికి పోరు. పెళ్ళికి ముందు నేను బాప్తిస్మం తీసుకున్నప్పుడు, వనజ అనే పేరు మార్చాలేమో అంటే, "ఎందుకే, దేవుడికి తెలుగు రాదా?" అని అత్తమ్మే అడ్డుపడింది. అందుకని ఆమెని ఏదైనా అడగొచ్చు అనిపిస్తుంది.

"అత్తమ్మా, మా అమ్మ ప్రభువుని ఎరగదు. ఆమె ఎక్కడ ఉంటుంది?"

అత్తమ్మ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"మీ మామ గూడా ఎరగడే" అంది.

మామయ్య నరసయ్య గారు రాళ్ళ క్వారీలో పోయారు. అప్పటికి మా ఆయన ఇంకా కడుపులోనే ఉన్నాడు. ఆ దుఃఖంలోనే అత్తమ్మ గుడికి పోవడం మొదలుపెట్టింది. అందుకే ఒక తల్లి బిడ్డలైనా పెద్దాయన, మా బావగారి పేరు ఆంజనేయులు; చిన్నాయన, మా ఆయన పేరు దానియేలు. పెద్దాయన ఆంజనేయస్వామికి మొక్కుకుంటే పుట్టాడు. అత్తమ్మ చిన్నప్పుడు ఆయన్నీ గుడికి తీసుకుపోయేదట. ఒక రోజు ఎక్కడి నుంచో వచ్చిన ప్రసంగీకుడు, నమ్మకుండా పోయినవాళ్ళంతా అగ్నిలోనే ఉన్నారని చెప్పాడట. బావగారు లేచి, "మా నాయన గూడానా?" అని అడిగాడట. ఆయన అవునన్నాడట. బావగారు బయటికి నడిచాడు, మళ్ళీ గుడి మెట్టు ఎక్కలేదు. ఇప్పుడు మాచర్లలో ఉంటాడు, సొంత జేసీబీ తోలుకుంటాడు. అమ్మకి బియ్యం పంపుతాడు, మందులు పంపుతాడు. మాట మాత్రం పంపడు.

అత్తమ్మ కళ్ళు తెరిచింది. "ఇన్నేళ్ళు నేనూ దాన్ని గురించే ప్రార్థన చేశా. ప్రభువు శుక్రవారం చనిపోయాడా? ఆదివారం లేచాడా? మధ్యలో శనివారం ఏం చేశాడనుకున్నా?"

నాకు తెలియదన్నాను.

"చచ్చినోళ్ళ దగ్గరికే పోయాడే. మనం గుళ్ళో ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో అదే గదా చెప్పుకునేది. మీ మామ అక్కడే ఉన్నాడు. మీ అమ్మ అక్కడే ఉంది. అంత దూరం పోయినోడు, ఉన్నోళ్ళని పలకరించకుండా వస్తాడా?"

"మరి ఖాయంగా..."

"ఖాయంగా చెప్పడానికి నేనెవర్తిని? తలుపు మూసుకుందని చెప్పడానికి ఆ ప్రసంగీకుడెవడు? నేను పోతున్నాగా, వెతుకుతా. మీ అమ్మ గుర్తులేంది చెప్పు."

మా అమ్మ ముఖం నాకు గుర్తులేదు. ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు ఉండేదని మా అమ్మమ్మ చెప్పేది. అదే చెప్పాను.

"చాలు. చెయ్యి చూసి పట్టుకుంటా."

"మీరు నిద్రపోతారు గదా అత్తమ్మా, ప్రభువులో నిద్ర అంటారు. నిద్రపోతూ ఎట్టా వెతుకుతారు?"

"ఒళ్ళు పడుకుంటదే. నేను కాదు" అని నా నెత్తి మీద మొట్టింది.

మార్చి 5, బుధవారం

ఇవాళ్టి నుంచి శ్రమకాలం, పునరుత్థాన పండగకి ముందు నలభై రోజులు. మా గుడి పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి అత్తమ్మకి ప్రభు భోజనం ఇచ్చి పోయారు. ఆయన పోయాక అత్తమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. మా ఆయన ఇంట్లో లేడు. ఉన్నా ఈ మాటలు ఎత్తితే చెప్పులేసుకుని బయటికి పోతాడు.

"వినవే. నన్ను మీ మామ పక్కనే పెట్టండి. కానీ కాళ్ళు తూర్పుకి ఉండాల. మీ మామని పాత పద్ధతిలో దక్షిణం తల పెట్టి పూడ్చారు, అది అప్పటి సంగతి. నేను మాత్రం లేచి నిలబడంగానే ఎదురుగా ప్రభువు కనపడాల. ఆయన వచ్చేది తూర్పు నుంచి. నేను ఎటో చూస్తా నిలబడి, యాడయ్యా యాడయ్యా అని తడుముకోకూడదు."

"అట్టాగే."

"శోకాలు వద్దు. నా పాట ఎత్తండి."

"ఎవరు ఎత్తాలి?"

"నువ్వే."

అత్తమ్మ పాట పుస్తకంలోది కాదు. మిరపచేలో కాయలు కోసేటప్పుడు తనే కట్టుకుంది.

తూరుపు వాకిలి తెరిచి పెట్టండే
నా సామి వచ్చేది ఆ వాకిట్నించే

చేలో ఒకరు మొదటి ముక్క అంటే మిగతావాళ్ళు రెండోది అందుకుంటారు.

"నా గొంతు బయటికి రాదు అత్తమ్మా. మీకు తెలుసుగా."

"బట్టలుతికేటప్పుడు వస్తదిగా. గోడ అవతలికి వినపడుద్దంట. పిచ్చమ్మ చెప్పింది."

సిగ్గుతో చచ్చిపోయాను. సరే అన్నాను. జబ్బు మనిషి అడిగింది కాబట్టి సరే అన్నాను. దానికి ఇంకా చానా కాలం ఉంది గదా.

మార్చి 10

ఇవాళ బాగుంది. జావ తాగింది.

మార్చి 14

ఇవాళ బాగుంది. నీళ్ళు తాగింది.

మార్చి 17

బాగుంది.

మార్చి 19

ఆంజనేయులు బావగారు వచ్చారు. బండి మీద కొబ్బరి బోండాలు కట్టుకొచ్చారు. అత్తమ్మకి మాట పడిపోయి మూడు రోజులు. బోండాం కొట్టి చెంచాతో పెదాల మీద తడిపారు. అంత పెద్ద చేతుల్లో ఆ చెంచా కనపడనే లేదు.

"అమ్మా, నేను. అంజిని."

అత్తమ్మ కళ్ళు ఆయన మీదే ఉన్నాయి.

"అమ్మా, నాయన యాడున్నాడే? నువ్వు పోయే చోట ఉంటాడా? ఒక్క మాట చెప్పవే. తల అన్నా ఊపు."

అత్తమ్మ పెదాలు కదిలాయి. మాట రాలేదు. కళ్ళు మాత్రం బావగారి మీద నుంచి నా మీదికి తిరిగాయి. బావగారు కూడా నా వైపు తిరిగారు.

"నీకేమన్నా చెప్పిందా అమ్మాయ్?"

నేను తల అడ్డంగా ఊపాను.

మార్చి 20

అది నేను చెప్పాల్సిన మాట కాదు. అయ్యగారు చెప్పాలి, లేకపోతే మా ఆయన చెప్పాలి. నిన్నగాక మొన్న వచ్చిన కోడల్ని. అందుకే చెప్పలేదు.

మార్చి 21

అందుకే చెప్పలేదు.

మార్చి 23, ఆదివారం

తెల్లవారుతుండగా అత్తమ్మ ప్రభువులో నిద్రపోయింది. కాళ్ళ వైపు వాకిలి తెరిచే ఉంది.

మార్చి 26

నిన్న మూడో రోజు ప్రార్థన కూడిక అయిపోయింది. చుట్టాలు పోయారు. ఇప్పుడు కూర్చుని అంతా రాస్తాను. ఒక్క ముక్క వదిలిపెట్టను.

ఆదివారం గుడి అయ్యాక జనమంతా నేరుగా మా ఇంటికే వచ్చారు. అత్తమ్మకి తెల్లచీర కట్టాం. పెట్టెలో పడుకోబెట్టాక పిచ్చమ్మ పిన్నమ్మ వచ్చి చూసి నోట్లో కొంగు కుక్కుకుంది. "మాటిచ్చా గదే ముండా, మాటిచ్చా గదే" అని కొంగులోంచే గొణిగింది. మా ఆయన మూల కూర్చుని లేవలేదు. చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు. అన్ని పనులూ బావగారే చూశారు. పొద్దున్నే జేసీబీ తోలుకొచ్చి సమాధుల తోటకి పోయి గుంట తనే తవ్వారని చెప్పారు.

సమాధుల తోట వాగు పక్కన ఉంది. పై సగంలో మా గుడి వాళ్ళు, పడమర తల. కింద సగంలో పాత కాలం వాళ్ళు, దక్షిణం తల. మామయ్యది కింద సగంలో చివరిది.

మేం చేరేసరికి పొద్దు వాలుతోంది. పెట్టెని గుంట పక్కన దించారు. తాళ్ళు సిద్ధం చేశారు. అప్పుడు చూశాను గుంటని. మామయ్య దిబ్బకి తూర్పు పక్కనే, దానికి సరిసమానంగా, గీత గీసినట్టు తవ్వారు. అంచులు చేత్తో సాపు చేశారు. అడుగున రాళ్ళు ఏరి మెత్తటి మన్ను పరిచారు. బావగారు గుంట పక్కన నిలబడి ఎవరితోనో, "ఇన్నేళ్ళకి మా అమ్మా నాయనా పక్క పక్కన" అంటున్నారు.

దక్షిణం తల. ఉత్తరం కాళ్ళు.

మా ఆయన చొక్కా పట్టుకుని లాగాను. ఆయనకి ఏమీ వినపడే స్థితి లేదు. పిచ్చమ్మ పిన్నమ్మ చెవిలో చెప్పాను, గుంట తప్పు తవ్వారు, అత్తమ్మ కాళ్ళు తూర్పుకి పెట్టమంది అని.

"అయ్యో, అయితే చెప్పవే అందరికీ!"

"మీరు చెప్పండి పిన్నమ్మా."

"నాకు చెప్పిందా, నీకు చెప్పిందా?"

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆమెన్ అన్నారు. నలుగురు మగవాళ్ళు తాళ్ళు పట్టుకుని వంగారు. నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాను. ఈసారీ రాలేదు. ఇక ఏం చెయ్యాలో తెలియక ముందుకు పోయి పెట్టె మీద రెండు చేతులూ వేసి కూర్చుండిపోయాను.

వాళ్ళు ఏడుస్తున్నాననుకున్నారు. "లేమ్మా, లే, పొద్దు పోతోంది" అన్నారు ఎవరో. ఒకామె రెక్క పట్టుకుని లేపబోయింది.

"తిప్పాలి" అన్నాను.

"ఏందమ్మా?"

"గుంట తిప్పాలి. కాళ్ళు తూర్పుకి ఉండాలి. అత్తమ్మ నాతో చెప్పింది."

అంతమందిలో నా గొంతు నాకే ఎవరిదోలాగా వినపడింది. అందరూ ఆగిపోయారు. అయ్యగారు దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు.

"అమ్మా వనజా, లేపేది దేవుడు. లేపగలిగినవాడు తిప్పలేడా? ఎటు పెట్టినా ఆయన తూర్పుకి తిప్పుతాడు."

"తిప్పుతాడు అయ్యగారూ. కానీ అత్తమ్మ లేవగానే చూడాలనుకుంది. తిప్పిందాకా ఆగాలనుకోలేదు."

అయ్యగారు నన్నే చూశారు. పుస్తకం మూశారు.

బావగారు వచ్చారు. ముఖం ఎర్రగా ఉంది. "పొద్దున్నించి తవ్వా. అంత చేసింది నీకు తప్పైందా? మా నాయన పక్కన పడుకుంటే మీ దేవుడికి కోపమా? అక్కడ ఎట్టాగూ వేరు చేస్తారంట గదా. ఇక్కడన్నా పక్క పక్కన ఉండనివ్వరా?"

ఆయనకి ఏం సమాధానం చెప్పాలో అక్కడున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు. బుధవారం తల అడ్డంగా ఊపినప్పుడు కూడా తెలుసు.

"బావగారూ, మొన్న మీరు అడిగారు, మామయ్య ఎక్కడున్నాడని. అత్తమ్మ నాకు చెప్పింది. నేనే మీకు చెప్పలేదు."

ఆయన కదల్లేదు.

"ప్రభువు శుక్రవారం పోయి ఆదివారం లేచాడు గదా. మధ్యలో శనివారం చచ్చినవాళ్ళ దగ్గరికే పోయాడంట. మామయ్య అక్కడే ఉన్నాడు, అంత దూరం వచ్చినవాడు పలకరించకుండా పోతాడా అంది. వేరు చేస్తారని అత్తమ్మ ఎప్పుడూ అనలేదు. వెతుకుతానంది. కలుసుకుంటానంది. మామయ్య పక్కనే పెట్టమంది. కాళ్ళు మాత్రం తూర్పుకి."

ఇన్ని మాటలు వరసగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. మా ఆయన ఏడుపు ఆపి నన్ను చూస్తున్నాడు.

"శనివారమా?" అన్నారు బావగారు.

"ఆఁ, శనివారం."

"శనివారం నేను స్వామికి ఉపవాసం ఉంటా" అన్నారు. ఎందుకన్నారో తెలియదు. అయ్యగారి వైపు తిరిగి, "నిజమేనా అయ్యగారూ, ఇది?" అని అడిగారు. చిన్నప్పుడు ఆ ప్రసంగీకుడిని అడిగిన కుర్రాడే మళ్ళీ అడుగుతున్నట్టు ఉంది.

"ఆయన దిగి వెళ్ళాడని ప్రతి ఆదివారం చెప్పుకుంటాం ఆంజనేయులూ" అన్నారు అయ్యగారు. "ఎవరెవరిని పలకరించాడో నాకు తెలియదు. వదిలేసి వచ్చాడని మాత్రం నేను చెప్పలేను. మీ అమ్మకి నాకంటే ఎక్కువ నమ్మకం."

బావగారు చొక్కా విప్పి దిబ్బ మీద పడేశారు. ఎవరో, "మిషన్ తెప్పిస్తే చిటికెలో అయిపోద్ది గదా అన్నా" అన్నారు.

"వద్దు. పొద్దున ఎడం వదిలి తవ్వా. ఇప్పుడు ఎడం లేదు, మిషన్ తగిలితే నాయన కదులుతాడు" అని గడ్డపార అందుకున్నారు.

మామయ్య భుజాల ఎదురుగా, గుంటలోంచి తూర్పు వైపుకి తవ్వాలి. మిగతా చివర్లు పూడ్చాలి. ఆ నేల మన్ను కాదు, కింద అంతా నాపరాయి పొర. గడ్డపార వేస్తే ఠంగుమంటోంది. మా ఆయన లేచి పార పట్టాడు. అన్నదమ్ములు ఒక గుంటలో దిగి పని చేస్తుంటే ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. బ్రహ్మం గారు మనిషిని పంపి సుత్తీ చీలలూ తెప్పించి, పంచె ఎగగట్టి తనే దిగారు. "దేవుణ్ణి చెక్కిన చేతులు, దారి చెక్కలేవా?" అన్నారు.

జనం ఊరికే నిలబడ్డారు. గడ్డపార చప్పుడు తప్ప ఏమీ లేదు. పిచ్చమ్మ పిన్నమ్మ గొంతులో శోకం బుస కొడుతోంది, ఇక ఆగేలా లేదు. అప్పుడు గుర్తొచ్చింది, రెండో మాట కూడా ఇచ్చానని.

కళ్ళు మూసుకున్నాను. బట్టల బండ ముందు కూర్చున్నాననుకున్నాను. గోడ అవతల ఎవరూ లేరనుకున్నాను.

తూరుపు వాకిలి తెరిచి పెట్టండే...

ఒక్క క్షణం నా గొంతు ఒక్కటే ఉంది. తర్వాత వెనక నుంచి మిరపచేలో ఆమెతో కాయలు కోసినవాళ్ళంతా ఒక్కసారి అందుకున్నారు.

నా సామి వచ్చేది ఆ వాకిట్నించే!

కళ్ళు తెరిచాను. గడ్డపారలు పాట మీద పడుతున్నాయి. నేను ఒక ముక్క అంటే ఊరంతా రెండో ముక్క. పిచ్చమ్మ పిన్నమ్మ తను కట్టుకున్న శోకంలోని మాటలన్నీ తీసి ఆ పాటలో పెట్టి పాడింది. పేగులు తెంచే రాగం, కానీ 'సామి వచ్చేది' అన్న మాటకొచ్చేసరికి పైకి లేచేది. ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. అయ్యగారు కూడా కొట్టారు. చావుకి వచ్చినట్టు లేదు, పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ఉంది.

అత్తమ్మని దించేటప్పటికి పొద్దు ఆమె తల వెనక్కి పోయింది. కాళ్ళు తూర్పుకి. తల మామయ్య దిబ్బకి ఆనుకుని ఉంది. పక్క పక్కన పెట్టి ఉంటే సరిసమానంగా ఉండేవాళ్ళు. ఇట్టా పెడితే ఆయన భుజం మీద తల పెట్టుకుని పడుకున్నట్టు ఉంది.

బావగారు అది చూసి గుంట అంచున కూలబడ్డారు. "ఇదే బాగుంది అమ్మాయ్" అన్నారు. "ఇదే బాగుంది."

మార్చి 30

ఇవాళ గుడి నుంచి వస్తుంటే పేట ఆడవాళ్ళు దారిలో ఆపి, "ఏమే వనజా, నీకు నోరుందే!" అన్నారు. తల వంచుకుని వచ్చేశాను. ఇంట్లోకి వచ్చాక నవ్వాను.

ఏప్రిల్ 8

బ్రహ్మం గారు ఖాళీలో తారీకు చెక్కారు. బండ తిప్పితే వెనక వైపు అరిగి నున్నగా మెరుస్తోంది. అన్నేళ్ళు బాదింది మరి. రాతిని ఇటు తిప్పి నిలబెట్టాలా అటు తిప్పాలా అని మావాళ్ళు మాట్లాడుకుంటుంటే, "పేరు తూర్పుకి" అన్నాను. ఎవరూ మళ్ళీ అడగలేదు.

పెరట్లో నాలుగు రాళ్ళు ఖాళీగా ఉన్నాయి. బట్టలు పక్కింట్లో ఉతుక్కుంటున్నాను.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

మిట్టమధ్యాహ్నం గుళ్ళో మూడు గంటల ఆరాధన. ఏడ్చాను. భయంతో కాదు.

ఏప్రిల్ 19, శనివారం

ఇవాళ ఇల్లు అలుకుతూ, వంట చేస్తూ, రోజంతా ఒకటే అనుకున్నాను. ఇవాళ ఆయన అక్కడ తిరిగే రోజు. బావగారు కూడా మాచర్లలో ఉపవాసం ఉండి ఉంటారు.

ఏప్రిల్ 20, పునరుత్థాన ఆదివారం

చీకటి ఉండగానే కొవ్వొత్తులు తీసుకుని సమాధుల తోటకి పోయాం. ఏటా ఈ రోజు అక్కడే తెల్లవారేలోపు ఆరాధన. సున్నం వేసిన సమాధులు తెల్లగా, దీపాలతో పెళ్ళి పందిరిలా ఉన్నాయి. పిచ్చమ్మ పిన్నమ్మ కూడా వచ్చింది. "నేను గుడికి రాలా, కృపని అడగడానికొచ్చా. మా ఆయనతో గేదె సంగతి చెప్పేసిందేమో" అంది.

దారి మీద బండి చప్పుడైంది. బావగారు. దూరంగా తుమ్మచెట్టు దగ్గర ఆగిపోయారు. అయ్యగారు చూశారు, పిలవలేదు. నడుచుకుంటూ పోయి ఒక కొవ్వొత్తి ఇచ్చి వచ్చారు.

బావగారు వచ్చి దాన్ని అత్తమ్మ సమాధి మీద పెట్టలేదు. మామయ్య దిబ్బ మీద పెట్టారు. ఆ దిబ్బ మీద దీపం ఎప్పుడూ లేదు. ఎవరైనా ఏమైనా అంటారేమో అని నేను చుట్టూ చూశాను. గాలికి ఆరిపోతుంటే గుడి పెద్ద ఒకాయన వంగి చెయ్యి అడ్డం పెట్టాడు.

అప్పుడు వాగు అవతల గట్టు మీద సూర్యుడు లేచాడు. మొదటి వెలుగు నేరుగా వచ్చి అత్తమ్మ రాయి మీద పడింది. సిలువ మీద, పేరు మీద, తారీకు మీద. ఇంకెక్కడా పడకముందే.

ఎవరూ అడగలేదు. పాట నేనే ఎత్తాను.

రెండో ముక్క అందుకున్న గొంతుల్లో ఒకటి బావగారిది. రాగం తప్పు. గట్టిగా మాత్రం ఉంది.

నేను పాడుతూ మా అమ్మ గురించి అనుకున్నాను. ఈపాటికి అత్తమ్మకి ఆ పచ్చబొట్టు చెయ్యి దొరికే ఉంటుంది.

ఏప్రిల్ 26

బావగారు మాచర్ల నుంచి ట్రాలీ మీద కొత్త నాపరాయి పంపారు, బట్టలకి. మా ఆయన దాన్ని సాపు చేయించడానికి బ్రహ్మం గారి దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను.

"ఏమ్మా" అన్నారు బ్రహ్మం గారు ఉలి చేతిలో తిప్పుతూ, "మీ అత్త లాగా నీ పేరు గూడా కిందవైపు చెక్కమంటావా?" ఎగతాళికే అన్నారు. పనివాళ్ళు నవ్వారు.

"చెక్కండి" అన్నాను. "వనజ. తారీకు దగ్గర ఖాళీ వదలండి, పెద్దగా."

నవ్వు ఆగిపోయింది. మా ఆయన, "ఏందే వనజా!" అన్నాడు.

"ఏం కాదు. ఊరికే పడుండదుగా. రోజూ బాదుతా."

ఏప్రిల్ 30

బండ వచ్చింది. పేరున్న వైపు కిందికి బోర్లించి అదే నాలుగు రాళ్ళ మీద పెట్టించాను. దుప్పట్లన్నీ నానబెట్టి ఉతికాను. భుజాలు నొప్పి పుట్టేదాకా బాదాను. పాట గోడ అవతలికి పోయింది. పిచ్చమ్మ పిన్నమ్మ అవతల నుంచి రెండో ముక్క అందుకుంది.